పెరట్లో ప్లాస్టిక్ పచ్చిక

హ్యూస్టన్‌లోని మా ఇంటి పెరట్లో ఉన్న పచ్చిక పెకలించి, అరవై అడుగుల పొడవు, ముప్ఫై అడుగుల వెడల్పు మేర కృత్రిమమైన గడ్డి పరిపించి ఆటస్థలం చేయాలని మా అబ్బాయి పట్టుబట్టినప్పుడు, వద్దన్నవారు మా నాన్నగారొక్కరే. ఆయనకు ఎనభై రెండేళ్ళు. సికింద్రాబాదులో రైల్వే ఉద్యోగం చేసిన రోజుల్లో హాకీ ఆడినవారు. "మన హాకీని పొట్టన పెట్టుకున్నదాన్ని డబ్బిచ్చి మరీ ఇంటికి తెచ్చుకుంటావుట్రా?" అన్నారు. ఆ మాటతో ఒప్పందం మీద నా సంతకం వారం రోజులు ఆగింది. ఆ వారంలో చదివి తెలుసుకున్న సంగతులూ, ఆ తరువాత పెరట్లో జరిగిన తతంగమూ ఇక్కడ వ్రాసి పెట్టుకుంటున్నాను.

ఈ గడ్డి పుట్టుక వెనుక ఉద్దేశం మంచిదే. అమెరికా నగరాల పిల్లలకు ఆడుకునే చోటు లేక, పల్లెల పిల్లలకన్న దేహదారుఢ్యంలో వెనుకబడుతున్నారని ఫోర్డ్ ఫౌండేషన్ వారు చింతించారు. సిమెంటు మీదనైనా పరచడానికి వీలైన పచ్చిక కావాలనుకున్నారు. మోన్శాంటో సంస్థ నైలాన్‌తో చేసిన 'కెమ్‌గ్రాస్' 1964లో ప్రావిడెన్స్ నగరంలోని మోజెస్ బ్రౌన్ పాఠశాలలో పరిచారు. అది అక్కడితో ఆగిపోయేదేమో కాని, మా ఊరు దానిని అందుకుంది.

1965 ఏప్రిల్‌లో హ్యూస్టన్‌లో ఆస్ట్రోడోమ్ తెరుచుకుంది. పైకప్పు కింద బేస్‌బాల్ ఆడించడం వింతే. లోపల నిజమైన గడ్డే నాటారు. దానికి ఎండ తగలాలని కప్పుకు పారదర్శకమైన పలకలు బిగించారు. తీరా ఆట మొదలయ్యాక ఆ పలకల మెరుపులో పైకి లేచిన బంతి ఆటగాళ్ళ కంటికి ఆనలేదు. పలకలకు రంగు పూయించారు. బంతి కనిపించింది, గడ్డి చచ్చిపోయింది. ఆ ఏడాది చివరి ఆటలు ఎండిన గడ్డికీ మట్టికీ పచ్చరంగు వేసి నడిపించారు! నకిలీ గడ్డికన్న ముందే నకిలీ పచ్చదనం వచ్చిందన్నమాట. 1966లో కెమ్‌గ్రాస్ తెప్పించారు. సరుకు చాలనందున ఏప్రిల్‌లో లోపలి భాగం వరకే పరిచి, బయటి భాగం జూలైలో పూర్తి చేశారు. 'ఆస్ట్రోటర్ఫ్' అన్న పేరు అలా వచ్చింది.

ఇక నాన్నగారి అభియోగం. 1975 మార్చిలో కౌలాలంపూర్‌లో భారతజట్టు పాకిస్తాన్‌ను 2-1 తేడాతో ఓడించి ప్రపంచ కప్పు గెలిచింది. అది గడ్డి మైదానం. పదహారు నెలలు తిరిగాయి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ మైదానం మీద హాకీ ఆడించారు. మనకు ఏడవ స్థానం. "పదహారు నెలల్లో ఒక దేశం ఆట మరచిపోతుందా?" అని ఆయన ప్రశ్న. అందులో బలముంది. గడ్డి మీద బంతి ఎటు ఎగిరేదీ తెలియదు. దానిని ఒడుపుగా ఆపి, మణికట్టు తిప్పుతూ నడిపించడమే మనవారి విద్య. కొత్త నేల మీద బంతి గీత గీసినట్టు, వేగంగా పోతుంది. అక్కడ కావలసినవి పరుగు, దమ్ము, దూరపు పాసు.

అయినా లెక్క పూర్తిగా కుదరదు. 1960 రోమ్‌లోనే మన స్వర్ణం చేజారింది. 1968, 1972లలో కాంస్యాలతో సరిపెట్టుకున్నాము. అవన్నీ గడ్డి మీదనే. పైగా, మనలాంటి మైదానాల మీదనే పెరిగిన పాకిస్తాన్ జట్టు మాంట్రియల్‌లో కాంస్యమూ, 1984 లాస్ ఏంజెలస్‌లో స్వర్ణమూ తెచ్చుకుంది. మనము కూడ 1980 మాస్కోలో కృత్రిమ మైదానం మీదనే స్వర్ణం గెలిచాము, చాలా గట్టి జట్లు రాలేదన్నది నిజమే అయినా. ఆ తరువాత 2021లో టోక్యో కాంస్యం వరకు ఏమీ లేదు. నా అభిప్రాయంలో మైదానం దెబ్బ తీసిన మాట వాస్తవం, జబ్బు మాత్రం అంతకు ముందరిది. ఇదంతా నాన్నగారికి విన్నవించాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "పాకిస్తాన్ సంగతి వేరులే" అన్నారు. అంతకుమించి ఒప్పుకోలు నేను ఆశించలేదు. మరునాడు సంతకం పెట్టాను.

ఇక్కడి నేల అచ్చం మన నల్లరేగడే. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. కాంక్రీటు పలక వేస్తే కొన్నేళ్ళకు చీలుతుందని భయం. గడ్డి చాపకు మొగ్గడానికి అదొక కారణం. మట్టి అర అడుగు లోతు తీసి, గుడ్డలాంటి పొర పరచి, దాని మీద కంకర దిమ్మిస చేసి, పైన చాప అతికి, పోచల నడుమ ఇసుక నింపుతారు. పాత టైర్ల రబ్బరు పొడి నింపితే మెత్తగా ఉంటుందని గుత్తేదారు సలహా. ఐరోపా సమాఖ్య 2023లో అటువంటి రబ్బరు పొడి అమ్మకంపై, ఎనిమిదేళ్ళ గడువిచ్చి, నిషేధం తెచ్చిందని చదివి ఉన్నాను గనుక ఇసుకే అన్నాను.

కంకర వేసిన రోజున నాన్నగారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆయన ఉద్యోగమంతా రైలుపట్టాల కింద కంకర సంగతే. సాయంత్రానికి నన్ను పిలిచి, తూర్పు మూలన వాలు లేదు, నీళ్ళు నిలుస్తాయి అన్నారు. గుత్తేదారు నవ్వి ఊరుకున్నాడు, నేనూ పట్టించుకోలేదు. చాప పరిచిన నాలుగో రోజు వాన కురిస్తే ఆ మూల మడుగయింది. చాప లేపి కంకర మళ్ళీ సర్దడానికి రెండు రోజులు పట్టింది. ఈసారి వాలు కొలిచినది నాన్నగారే, దారమూ నీళ్ళసీసా పట్టుకుని.

వేసవిలో మధ్యాహ్నం ఆ ప్లాస్టిక్ మీద ఉత్తకాలు మోపలేము. పక్కనున్న నిజమైన గడ్డి మీద హాయిగా నడవవచ్చు. ఈ సంగతి ముందే చదివి కూడ తేలిగ్గా తీసుకున్నాను, తప్పు నాదే. ఆటలన్నీ ఉదయం, సాయంత్రం మాత్రమే.

మొన్న ఒక సాయంత్రం మా అబ్బాయి ఎక్కడినుంచో హాకీ కర్రలు రెండు తెచ్చాడు. తాతయ్యకు ఒకటి ఇచ్చి, అవతలి కొసనుంచి బంతి కొట్టాడు. ఆయన ఒంగి, బంతి ఎగురుతుందని కర్ర జానెడు ఎత్తున పట్టుకున్నారు. అది ఎగరలేదు. కర్ర కిందనుంచి జారిపోయి కంచెకు తగిలింది. ఆయన వెనక్కి తిరిగి దానిని చూసి, మళ్ళీ కొట్టమన్నారు.