తూటా వేగం: లోలకం నుంచి రాడార్ దాకా

తుపాకీ గొట్టాన్ని వీడే క్షణంలో తూటాకు ఉండే వేగమే ప్రారంభ వేగం. దూరపు లక్ష్యాన్ని ఛేదించడానికి ఈ కొలత కీలకం. గాలి నిరోధాన్ని పక్కన పెట్టి లెక్కిస్తే, గురుత్వం వల్ల తూటా 1.5 సెకన్లలో సుమారు 11 మీటర్లు, 1.6 సెకన్లలో 12.5 మీటర్లు కిందికి దిగుతుంది. అంటే సెకనులో పదో వంతు తేడాకే గురి మీటరున్నర తప్పుతుంది.

ఆంగ్ల గణితవేత్త బెంజమిన్ రాబిన్స్ 1742లో వెలువరించిన గ్రంథంలో లోలక విధానాన్ని వివరించారు. వేలాడే బరువైన లోలకాన్ని తూటా తాకినప్పుడు అది ఊగిన మేరను బట్టి వేగాన్ని లెక్కగట్టారు. గాలి నిరోధం అప్పటి అంచనాలకంటే ఎంతో ఎక్కువని ఆయన ప్రయోగాలు తేల్చాయి. ఈస్టిండియా కంపెనీ ఇంజినీరుగా భారత్‌కు వచ్చిన రాబిన్స్ 1751లో కడలూరు సమీపంలోని సెయింట్ డేవిడ్ కోటలో మరణించారు.

నేటి క్రోనోగ్రాఫ్‌లలో రెండు కాంతి సెన్సర్లు ఉండే రకం ప్రసిద్ధం. వాటి మధ్య దూరం మీటరైతే, సెకనుకు 800 మీటర్ల వేగంతో వెళ్లే తూటా దాన్ని 1.25 మిల్లీసెకన్లలో దాటుతుంది. ఇది ఒక్క చోటి వేగాన్నే తెలుపుతుంది. డాప్లర్ రాడార్ మాత్రం తూటాను తాకి తిరిగివచ్చే తరంగాల పౌనఃపున్యంలోని మార్పును బట్టి, దారి పొడవునా వేగం తగ్గే తీరును నమోదు చేస్తుంది. గాలి నిరోధాన్ని అధిగమించే సామర్థ్యాన్ని సూచించే బాలిస్టిక్ గుణకాన్ని ఆ వివరాల నుంచి రాబడతారు.