కిటికీ పిడి చెప్పు చరిత్ర

పేర్లలో చరిత్ర దాగియుండును. సంస్కృతమున కిటికీకి గవాక్షమని ఒక పేరు. ఆవు కన్ను అని దానికి అర్థము. వాతాయనమని మరియొక పేరు; గాలి నడచు త్రోవ అని దాని భావము. ఇంగ్లీషువారి విండో అను మాట ప్రాచీన నార్సు భాషలో గాలికన్ను అను అర్థముగల పదమునుండి పుట్టినది. ఎక్కడి గోదావరీతీరము, ఎక్కడి నార్వే తీరము! అయినను ఇంటికి కన్ను ఉండవలెనను ఊహ రెండు చోట్లను ఒక్కటియే. కన్నన్న పిమ్మట తెరచుటకేగాక మూయుటకును వీలుండవలెను గదా. కిటికీరెక్క ఆ కంటికి రెప్ప వంటిది. ఆ రెప్పను కదలించు చిన్న నరము కిటికీ పిడి.

కోటలను గురించి, గోపురములను గురించి చరిత్రకారులు గ్రంథములు వ్రాసిరి. పిడిని గురించి వ్రాసినవారు అరుదు. మేమును దానిని గురించి ఎన్నడును తలపోసి ఉండలేదు. ఇంగ్లండు ఉత్తరభాగమున వైద్యవృత్తిలో నున్న మా మేనల్లుని యింట ఒక చలికాలము గడుపవలసివచ్చినప్పుడు ఆ అవసరము కలిగినది. మేడమీద పిల్లలు పడుకొను గదిలో కిటికీ పిడి విరిగినది. రెక్క సగము మూతపడి, దానిని బిగించుటకు వీలులేక, రాత్రియంతయు మంచుగాలి ఈలవేయుచుండెను. చూచిపోవుటకు వచ్చిన వర్తకుడొకడు పిడి దొరకదనియు, కిటికీ మొత్తమును మార్చుకొనవలెననియు చెప్పిపోయెను.

“మామయ్యా, ఒక్క పిడి కోసం కిటికీ అంతా పీకించాలట, ఏం చేద్దామంటారు?” అని మా మేనల్లుడు అడిగెను.

మేము ధైర్యము చెప్పి, అంగడికిపోయి, చూపునకు పాతదానివలెనే యున్న పిడిని కొనితెచ్చితిమి. బిగించి త్రిప్పగా అది గాలిలో తిరిగినదేకాని గడియ కదలలేదు. మరునాడు విరిగిన ముక్కను చేతబట్టుకొని ఇనుపసామాను అమ్ము ముసలివాని యొద్దకు పోతిమి. ఆయన పిడిని చూడకమునుపే, “మీ కిటికీ వయస్సెంత?” అని అడిగెను. పిడి కొనవచ్చినవారిని వయస్సడుగుట మాకు వింతగా తోచెను. ఆ ప్రశ్నలోని వివేకము తరువాతగాని మాకు బోధపడలేదు. దానిని విప్పిచెప్పుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

కిటికీలకు అద్దము వేయు అలవాటు రోమనుల కాలమునాటిది. క్రీస్తుశకము 79లో అగ్నిపర్వతపు బూడిదక్రింద పూడిపోయిన పాంపే నగరమున కిటికీ అద్దపు పలకలు దొరకినవి. అయినను శతాబ్దములపాటు అద్దము సంపన్నుల సొత్తుగానే ఉండెను. ఇంగ్లండులో 1696లో కిటికీల సంఖ్యనుబట్టి ఇండ్లపై పన్ను విధించిరి. ఆ పన్ను తప్పించుకొనుటకై గృహస్థులు కిటికీలను ఇటుకలతో పూడ్పించిరి. అట్టి గుడ్డి కిటికీలు ఆ దేశపు పాత వీథులలో నేటికిని కనబడును. అద్దముపై సుంకము 1845లో రద్దయ్యెను. కిటికీ పన్ను 1851లో తొలగెను. ఆ 1851లోనే లండనునగరమున సుమారు 3 లక్షల అద్దపు పలకలతో స్ఫటికభవనము లేచినది. అద్దము సామాన్యుని యింటికి దిగివచ్చిన కాలమది.

కీళ్లపై తలుపువలె తెరచుకొను కిటికీరెక్కకు నాటి పిడి మిక్కిలి సులువైనది. రెక్కకు బిగించిన పిడికి ఒక ముక్కు ఉండును. పిడి త్రిప్పగా ఆ ముక్కు చట్రముమీదికి ఎక్కి రెక్కను నొక్కిపట్టును. దీనికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు కోడిపుంజు కాలిముల్లు అను అర్థమిచ్చునది. కోడిపందెములు ఎరిగిన మనవారికి దాని ఆకారము వర్ణింప నక్కరలేదు. ఎసెక్సు మండలమందలి బ్రెయిన్‌ట్రీ పట్టణమున ఫ్రాన్సిస్ హెన్రీ క్రిట్టాల్ 1884లో లోహపు కిటికీల తయారీకి పూనుకొనెను. రెండు ప్రపంచయుద్ధముల నడిమికాలమున ఉక్కు కిటికీలు వేలకొలది ఇండ్లకు ఎక్కినవి. మన దేశమున పాతకాలపు ప్రభుత్వ కార్యాలయములలోను, ఉద్యోగుల వసతిగృహములలోను కనబడు ఉక్కు కిటికీలు ఈ కుటుంబములోనివే. ప్రక్కన ముక్కుగల పిడి, క్రింద రంధ్రములుగల ఆనికకడ్డీ, ఈ రెంటిని త్రిప్పి త్రిప్పి చిన్ననాడు వ్రేళ్లు నలుగగొట్టుకొననివారు మాలో తక్కువ.

ఇక జంట అద్దముల మాట. చలిదేశములలో శీతకాలము రాగానే కిటికీకి లోపలివైపున రెండవ రెక్కను తగిలించుకొనుట పాత ఆచారము. అద్దము చలిని అంతగా ఆపదు. ఆపునది రెండద్దముల నడుమ కదలక నిలచియున్న గాలి. చలికాలమున ఒక మందపు దుప్పటికంటె రెండు పలుచని దుప్పట్లు వెచ్చగా నుండుట మనమెరిగినదే. ఈ సూత్రమును పట్టుకొని న్యూయార్కునగరవాసియైన థామస్ స్టెట్సన్ రెండద్దములను అంచులవెంట అతికి ఒక్క పలకగా చేయు పద్ధతికి 1865 ఆగస్టు 1న పేటెంటు పొందెను. అయినను అంచులలోనికి తేమ దూరకుండ మూయు విద్య అంత తేలికగా పట్టుపడలేదు. 1930 దశకమున అమెరికాలో సి. డి. హేవెన్ చేసిన కృషి వలన అట్టి జంటపలకలు అంగళ్లకు వచ్చినవి. 1959లో బ్రిటనులోని పిల్కింగ్‌టన్ సంస్థవారు కరగిన తగరముపై అద్దమును తేల్చి, అద్దమంత చదునుగా పలకలు తీయు పద్ధతిని ప్రకటించిరి. దానితో మంచి అద్దము చౌకయైనది.

లెక్కలలో చెప్పినచో, లోపలి వేడికి వెలుపలి వేడికి ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపుమీటరు ఒంటి అద్దము గుండా సుమారు 5.5 వాట్ల వేడి బయటికి పోవును. సాధారణమైన జంట అద్దము గుండా పోవునది సుమారు 3 వాట్లు. అద్దమునకు పలుచని లోహపు పూత పూసి, నడుమ ఆర్గాను వాయువు నింపిన నేటి పలకలలో అది 1.5 వాట్లకంటెను తగ్గును. 1973లో చమురు ధరలు మిన్నంటినప్పుడు ఐరోపా గృహస్థులు ఈ లెక్కను కంఠస్థము చేసిరి. పశ్చిమ జర్మనీలో 1954లో పుట్టిన ప్లాస్టిక్ చట్రపు కిటికీ అప్పటికి చేతికందివచ్చెను. బ్రిటనులో పాత కిటికీలను తీసి జంట అద్దములు వేయుట పెద్ద వ్యాపారమైనది.

ఇక్కడనే పిడి చరిత్ర మలుపు తిరిగినది. 4 మి.మీ. మందముగల అద్దము చదరపుమీటరుకు 10 కిలోలు తూగును. రెండు పలకలైనచో 20 కిలోలు. పైగా చట్రము చుట్టును రబ్బరుపట్టీ ఉండును. రెక్క ఆ పట్టీని నాలుగువైపులను సమముగా నొక్కిననేగాని గాలి ఆగదు. ఒక్కచోట మాత్రమే పట్టు కోడిముల్లు ఈ పనికి చాలదు. 1970, 80 దశకములనాటి అల్యూమినియపు కిటికీలలోను, తొలినాటి ప్లాస్టిక్ కిటికీలలోను ఆ పాత పిడియే ఉండెను. మూలలనుండి గాలి దూరుచుండెను. అప్పుడు కమ్మరులు వెనుకకు చూచిరి. ఫ్రెంచి భవనములలో నిలువెత్తు కిటికీలకు పూర్వము ఒక పొడవైన కడ్డీ గడియ ఉండెడిది. నడుమనున్న పిడిని త్రిప్పినచో కడ్డీ తిరిగి, దాని కొనలయందలి కొక్కెములు పైనను క్రిందను ఒక్కమారే చట్రమును పట్టుకొనును. దాని పేరు ఎస్పాన్యొలెట్. స్పెయిను దేశపు పేరునుండి వచ్చిన మాట. ఆ రాజభవనపు గడియయే చిక్కి సన్నమై, పళ్లచక్రములతో కూడి, ప్లాస్టిక్ చట్రపు అంచులో దాగి, సామాన్యుని పడకగదికి చేరెను. జర్మనీలో విల్‌హెల్మ్ ఫ్రాంక్ 1935లో మరియొక దారి త్రొక్కి, ఒక్క పిడితోనే రెక్కను లోపలికి తలుపువలె తెరచుటకును, పైభాగమును మాత్రమే వాల్చుటకును వీలగు సాధనమును కల్పించెను.

ముసలివాని ప్రశ్న ఇప్పుడు సార్థకమగుచున్నది. పిడి అన్నది పైకి కనబడు కొన మాత్రమే. దాని వెనుక ఏ కాలపు యంత్రము దాగియున్నదో తెలియవలెను. ముక్కుగల పిడియైనచో ముక్కు ఎత్తును కొలువవలెను, 9 మి.మీ., 21 మి.మీ. అను రెండు కొలతలు తరచుగా కనబడును. తొలినాటి కొన్ని ప్లాస్టిక్ కిటికీలలో పిడి వెనుక గరిటె కొనవంటి పలుచని నాలుక ఉండును. దానికి నాలుకపిడియే కావలెను. కడ్డీ గడియయైనచో పిడి వెనుక 7 మి.మీ. చదరపు ఇరుసు ఉండును. బిగించు మరమేకుల నడిమి దూరము సాధారణముగా 43 మి.మీ. ఈ రెండును చాలవరకు ఒక్కటిగనే ఉండును గనుక కొనువాడు మోసపోవును. మారునది ఇరుసు పొడవు; అది 10 మి.మీ. మొదలుకొని 40 మి.మీ. దాటియు ఉండును. పొట్టిదైనచో యంత్రమును అందదు. పొడవైనచో పిడి చట్రమునకు ఆనదు. మేము తెచ్చినది పొట్టిది. నిటారు పిడి ఏవైపుననైనను సరిపోవును. వంపు పిడిలో కుడివైపుది వేరు, ఎడమవైపుది వేరు.

ఆ ముసలివాడు ఇంకొక మాటయు చెప్పెను. పిడి ఊరక విరుగదు. లోపలి గడియ ఎండి బిగిసినప్పుడు మనము బలముగా త్రిప్పుదుము, మెత్తని లోహము తెగిపోవును. కావున క్రొత్త పిడి పెట్టుటకు ముందు గడియకు నూనె వేసి, అది తేలికగా కదలునో లేదో చూడవలెను. లేనిచో రెండవ పిడియు మొదటిదాని దారినే పోవును. అద్దముల నడుమ ఆవిరి పట్టుట వేరు జబ్బు. దానికి జంటపలకను మాత్రము మార్చినచో చాలును. చట్రము గట్టిగా ఉన్నంతకాలము పిడికై కిటికీని పారవేయుట పంటినొప్పికి తల తీయించుకొనుటయే.

పొదుపుకంటె పెద్ద విషయము ఒకటి మిగిలినది. నేటి పిడులలో అనేకములకు తాళముండును. దొంగభయముచేత తాళము వేసి, తాళపుచెవిని ఎక్కడనో దాచి మరచుట లోకసహజము. కాని రాత్రివేళ మెట్లవైపునుండి పొగ క్రమ్మినచో మేడమీది పిల్లలకు ఆ కిటికీయే ద్వారము. ఇంగ్లండు గృహనిర్మాణ నిబంధనల మార్గదర్శకము ప్రాణరక్షణకై ఉంచు కిటికీ తెరచుకొను భాగము కనీసము 0.33 చదరపుమీటరు ఉండవలెననియు, వెడల్పును ఎత్తును 450 మి.మీ.కు తగ్గరాదనియు, ఆ భాగపు అడుగు అంచు నేలనుండి 1100 మి.మీ.కు మించరాదనియు చెప్పుచున్నది. ఇన్ని కొలతలు పాటించిన కిటికీయైనను చెవి దొరకనిచో గోడతో సమానము. దొంగకు మూసిన తలుపు మనకును మూసినదే యని మరువరాదు. ఆ గదిలోని పాత పిడికి తాళమున్నది. దాని చెవి ఎక్కడనున్నదో ఆ యింటిలో ఎవ్వరికిని తెలియదని ఆనాడే మాకు తెలిసినది. పిడి విరిగి గాలి దూరుట వలన కలిగిన మేలది.

సరియైన ఇరుసుగల పిడిని తెచ్చి, గడియకు నూనె వేసి, రెండు మరమేకులతో బిగించితిమి. ఆ పనికి పావుగంట పట్టలేదు. క్రొత్త తాళపుచెవిని కిటికీప్రక్కన, పసివానికి అందక పెద్దపిల్లకు అందునట్లు, ఒక మేకుకు తగిలించితిమి. మా మేనల్లుడు చీకటిలో దానిని తడవి తీయుట పెద్దపిల్లకు నేర్పెను. ఆ రాత్రి గాలి ఈల వినబడలేదు.

పూర్వులు కిటికీని కన్ను అన్నారు. మూసికొనుట ఎంత ముఖ్యమో, అవసరమైనప్పుడు తెరచుకొనుట అంతకంటె ముఖ్యము. పిడిని ఎన్నుకొనువారు ఆ రెంటిని తలచి ఎన్నుకొనవలెను.