గవ్వల పీట నుంచి ఎయిర్ ఫ్రయర్ దాకా

దసరా సెలవులకు విజయవాడ భవానీపురంలో ఏ అపార్టుమెంటు పిల్లలు పార్టీ పెట్టుకున్నా, కేకు పక్కన పళ్లెంలో ఇప్పుడు ఒక కొత్త చిరుతిండి కనిపిస్తోంది. పాస్తాను ఉడికించి, చీజు, కాస్త కారం పట్టించి, ఎయిర్ ఫ్రయర్‌లో కరకరలాడేలా చేసినదది. పిల్లలు పోటీపడి తింటారు. పెద్దవాళ్లు మాత్రం ఒకటి నోట్లో వేసుకుని ‘బాగానే ఉంది గానీ ఇది మన తిండి కాదు’ అనేస్తారు. ఈ తీర్పు తొందరపాటుదని నా అభిప్రాయం. ఒక వంటకం మనదో పరాయిదో తేల్చాలంటే ప్యాకెట్ మీది పేరు చూస్తే సరిపోదు. పిండిని ఏం చేశారు, దానికి ఆ ఆకారం ఎందుకు ఇచ్చారు, ఏ వరసలో వండారు అన్నవి చూడాలి. అలా చూస్తే ఇందులో మనకు నిజంగా కొత్తవి రెండే: చీజు ఒకటి, నూనె మూకుడు లేకపోవడం ఒకటి. మిగతాదంతా గవ్వలు, వడియాలు పెట్టుకున్న ఇళ్లకు చేయి తిరిగిన పనే.

ముందు ఆకారం సంగతి. గవ్వలు చేసేటప్పుడు పిండిని గట్టిగా కలిపి, గోళీలంత ఉండలు చుట్టి, ఒక్కొక్కదాన్నీ గీతలున్న చెక్క పీట మీద పెట్టి బొటనవేలితో నొక్కుతూ ముందుకు తోస్తారు. ఉండ పలచబడి తనలోకి తానే ముడుచుకుంటుంది, వీపు మీద గీతలు పడతాయి, మధ్యలో బోలు ఏర్పడుతుంది. పీట లేని ఇంట్లో కొత్త దువ్వెనతోనో ఫోర్కు వెనకభాగంతోనో పని జరుపుకుంటారు. ఇటలీ దక్షిణాదిన కావతెల్లి అనే పాస్తాను, సార్డీనియా ద్వీపంలో మల్లోరెద్దుస్‌ను సరిగ్గా ఇలాగే, బొటనవేలితో నొక్కి లాగి చేస్తారు. గీతల కోసం వాళ్లకూ ఒక చెక్క పీట ఉంది. అందుకని ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని నేను అనడం లేదు. అలా అనడానికి ఆధారం లేదు, అవసరమూ లేదు. గట్టి పిండిముద్ద మధ్యదాకా వేడి చేరాలంటే దాన్ని పలచగా, బోలుగా చేయాలి. పాకమో, సాసో, కారమో దాన్ని పట్టుకుని ఉండాలంటే గీతలు కావాలి. ఈ రెండు అవసరాలూ ఉన్నచోట వేళ్లు అదే పని చేస్తాయి. బెల్లం పాకం గవ్వ గీతల్లో ఆగినట్టే చీజు పాస్తా గీతల్లో ఆగుతుంది.

పిండి వంటకాల పుట్టుకను ఒక్క మనిషికో ఒక్క దేశానికో అంటగట్టడం ఎంత ప్రమాదమో చెప్పడానికి పాస్తాయే మంచి ఉదాహరణ. మార్కో పోలో చైనా నుంచి పాస్తాను ఇటలీకి తెచ్చాడన్న కథ ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయన వెనిస్‌కు తిరిగి వచ్చింది 1295లో. కానీ సిసిలీ రాజు రెండో రోజర్ కొలువులో ఉన్న భూగోళ శాస్త్రవేత్త అల్ ఇద్రిసీ, 1154 నాటి తన గ్రంథంలోనే, పలెర్మో దగ్గరి త్రాబియాలో ఎండు సేమియాలాంటి పదార్థాన్ని పెద్దఎత్తున తయారుచేసి ఓడల్లో ఎగుమతి చేస్తున్నారని రాశాడు. పోలో కథకు 1929లో ప్రచారం తెచ్చిపెట్టింది అమెరికాలోని మాకరోనీ వ్యాపారుల పత్రిక. ఇక మన వైపు చూస్తే, అల్ ఇద్రిసీ కన్నా శతాబ్దానికి పైగా ముందే, 1025 ప్రాంతంలో చావుండరాయుడు కన్నడంలో రచించిన ‘లోకోపకారం’లో శావిగె (సేమియా) చేసే పద్ధతి, పిండిని ఒత్తే సాధనం ప్రస్తావన ఉన్నాయి. మన జంతికల గొట్టం చేసే పని కూడా అదే: ముద్దను చిల్లుల్లోంచి తోసి తీగలు తీయడం. పాస్తా ఫ్యాక్టరీలో యంత్రం చేసేదీ ఇదే. 1980ల ఆరంభంలో హైదరాబాద్‌లో మొదలైన బాంబినో సంస్థ సేమియాతో ఇంటింటికీ చేరి, ఆ తర్వాత అదే పేరుతో మాకరోనీనీ, పాస్తానూ అమ్మగలిగిందంటే, రెండింటి తయారీ అంత దగ్గరిది కాబట్టే.

పాస్తాను ఉడికించి మళ్లీ వేయించడం విడ్డూరమనే వాళ్లూ ఉన్నారు. మండువేసవిలో డాబాల మీద ఎండే పిండి వడియాలను వాళ్లు మరిచిపోతున్నారు. బియ్యప్పిండిని నీళ్లలో ఉడికించి, గుడ్డ మీద పెట్టి, గలగలమనేదాకా ఎండబెట్టి, కావలసినప్పుడు వేయిస్తాం. పచ్చిపిండి నేరుగా నూనెలో పడితే గట్టిపడుతుంది. ఉడికి ఆరిన పిండి గుల్లవిచ్చుకుంటుంది. ఉడికినప్పుడు పిండి పదార్థం నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆరినప్పుడు బిగుసుకుంటుంది, లోపల మిగిలిన కొద్దిపాటి తేమ కాకకు ఆవిరై దాన్ని పొంగిస్తుంది. కిరాణా కొట్టులో దొరికే రంగురంగుల గొట్టాలు, పిల్లలు వేళ్లకు తొడుక్కుని ఒక్కొక్కటే కొరుక్కుతినేవి, ఈ సూత్రం మీదే యంత్రంలో తయారవుతాయి. పెళ్లి భోజనంలో వాటిని పరాయివని ఎవరూ పక్కన పెట్టరు. ఇటలీలోనూ ఇది కొత్త కాదు. పులియా ప్రాంతంలో చిచెరి ఎ త్రియా అనే పాత వంటకంలో కొంత పాస్తాను నూనెలో కరకరలాడేలా వేయించి, మిగిలిన ఉడికిన పాస్తాలోనూ శనగల్లోనూ కలుపుతారు. ఎయిర్ ఫ్రయర్ పాస్తా చిప్స్ మాత్రం 2021లో టిక్‌టాక్ ద్వారా ప్రపంచమంతా పాకాయి. మన దేశంలో టిక్‌టాక్‌ను అంతకు ముందు ఏడాదే నిషేధించారు కనుక మనకు ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ దారిలో చేరాయి.

ఇది మనకు పరాయి తిండి కాదన్న వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది: గోధుమ మన నేలది కాదు కదా అని. నిజమే, ఇది వరి నేల. 1855 నాటికి పూర్తయిన కృష్ణా ఆనకట్ట, దాని స్థానంలో 1957లో భవానీపురానికి కాస్త దిగువన సిద్ధమైన ప్రకాశం బ్యారేజీ ఈ డెల్టాను అన్నం గిన్నెగా నిలబెట్టాయి. జంతికలు, చెగోడీలు, అరిసెలు బియ్యప్పిండితో చేయడం అందుకే. కానీ గవ్వలు ఎక్కువ ఇళ్లలో చేసేది మైదాతో. కజ్జికాయల తోపు, కాకినాడ కాజా, మడత కాజా అన్నీ మైదావే. బయటి నుంచి వచ్చిన పిండి మీద ఇన్ని పండగలు నిలబడినప్పుడు పాస్తా దగ్గరే గీత గీయడం న్యాయం కాదు. అంతెందుకు, కారప్పూసలో కారం ఎక్కడిది? మిరప అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు వాళ్ల రాకతో 16వ శతాబ్దంలో ఈ దేశం చేరింది. ఇవాళ గుంటూరు మిరపను తెలుగువాళ్లది కాదనగలమా? క్రిస్మస్‌కు కృష్ణా జిల్లా క్రైస్తవుల ఇళ్లలో చేసే గులాబీ పువ్వులు చూడండి. పువ్వు ఆకారపు ఇనుప అచ్చును నూనెలో కాచి, పిండిలో ముంచి, మళ్లీ నూనెలో పెట్టి విదిలించడం ఐరోపా రోజెట్లకూ ఉన్న పద్ధతే. ఎన్నాళ్లుగా చేసుకుంటున్నాం, ఎవరికి పెట్టుకుంటున్నాం అన్నదే వంటకాన్ని మనది చేస్తుంది.

చీజు విషయంలో మాత్రం అభ్యంతరాన్ని నేను సగం ఒప్పుకుంటాను. పాడికి కొదవలేని ప్రాంతమిది. చిట్టినగర్‌లోని విజయ డెయిరీకి జిల్లా పల్లెల నుంచి పాలు వచ్చి చేరుతూనే ఉంటాయి. అయినా ఆ పాలు పెరుగు, వెన్న, నెయ్యి అయ్యాయే గాని చీజు కాలేదు. దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో పాలు విరిచే పద్ధతి ఇక్కడి ఇళ్లలోకి రాలేదు. వచ్చినా, ఈ ఉక్కపోతలో నెలల తరబడి చీజును మాగబెట్టడం అయ్యే పని కాదు. ఆ చిక్కు తీర్చింది ప్రాసెస్డ్ చీజు. 1911లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ చీజును సోడియం సిట్రేట్‌తో కలిపి కరిగిస్తే కొవ్వు విడిపోకుండా నిలుస్తుందని కనిపెట్టారు. ఈ రకం తయారీకి 1916లో అమెరికాలో జేమ్స్ క్రాఫ్ట్ పేటెంట్ పొందాడు. ఉష్ణదేశాలకు పాడవకుండా చేరగలిగే చీజు అలా తయారైంది. ఆ తర్వాత ఆనంద్‌లో అమూల్ గేదెపాలతోనే చీజు చేసి చూపించింది. ఎయిర్ ఫ్రయర్ దగ్గర ఈ చరిత్ర పనికొస్తుంది. సులువుగా కరిగే ప్రాసెస్డ్ చీజును మొదటే వేస్తే జారి బుట్ట అడుగున మాడుతుంది. పాస్తా గట్టిపడ్డాక చివరి రెండు మూడు నిమిషాల్లో తురిమి చల్లితే గీతల్లో పట్టుకుంటుంది. పార్మెజాన్‌లాంటి గట్టి పొడి చీజునైతే మొదట్లోనే కలపవచ్చు.

ఇక యంత్రం. పేరులో ఫ్రయర్ ఉన్నా ఇందులో వేయించడం లేదు. ఇది ఫ్యాను ఉన్న చిన్న ఓవెన్. 1945లో అమెరికాలో విలియం మాక్సన్ సైనిక విమానాల్లో గడ్డకట్టిన భోజనాన్ని వేడిచేయడానికి ఫ్యానుతో వేడిగాలి తిప్పే ఓవెన్‌ను రూపొందించాడు. నెదర్లాండ్స్‌కు చెందిన ఫ్రెడ్ వాన్ డెర్ వై, నూనెలో ముంచకుండా బంగాళదుంప వేపుడు రావాలన్న పట్టుదలతో చేసిన పరికరాన్ని 2010లో బెర్లిన్ ప్రదర్శనలో ఫిలిప్స్ ఎయిర్‌ఫ్రయర్‌గా విడుదల చేసింది. గాలి నూనెలా వేడిని వేగంగా అందించలేదు. అందుకే గవ్వను పచ్చిగా ఇందులో వేస్తే ఎండిన రొట్టెముక్క అవుతుంది. ముందే ఉడికిన పాస్తాకైతే లోపల ఉడికించే పని ఉండదు, పైతేమను ఎగరగొడితే చాలు. పాస్తా పూర్తిగా ఉడికాకే నీళ్లు వార్చాలి, గుడ్డ మీద ఆరబెట్టాలి, చెంచాడు నూనె పట్టించాలి. 200 డిగ్రీల దగ్గర పది పన్నెండు నిమిషాలు, మధ్యలో ఒకటి రెండుసార్లు బుట్ట కుదపాలి. ఒకదాని మీద ఒకటి కుప్పగా పోస్తే గాలి ఆడక మెత్తగానే మిగులుతాయి.

నూనె తగ్గింది కాబట్టి ఇది ఆరోగ్యకరమైన తిండి అనే ప్రచారాన్ని నేను సమర్థించను. ప్రాసెస్డ్ చీజులో దాదాపు పావువంతు కొవ్వే, ఉప్పూ ఎక్కువే. నూనె తీసేసిన చోట చీజు కుమ్మరిస్తే లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. పండగ తిండిగా పండగనాడు పెట్టడానికి ఇది చాలు, రోజూ స్కూలు డబ్బాలో పెట్టడానికి కాదు. గవ్వలకూ ఇదే నియమం వర్తిస్తుంది.

నలుగురు ఆడవాళ్లు కూర్చుని కబుర్లాడుకుంటూ గవ్వలు ఒత్తే కాలం యంత్రంతో పోయిందన్న బాధ మాత్రం నిజమైన బాధ. అయితే ఆ కాలాన్ని పోగొట్టింది ఎయిర్ ఫ్రయర్ కాదు, అంతకు చాలా ముందే వచ్చిన స్వీటు షాపు ప్యాకెట్. పైగా కాగే నూనె మూకుడు ఉన్నంతకాలం పిల్లల్ని వంటింటి గడప అవతలే నిలబెట్టాం. ఇప్పుడు ఆ భయం చాలావరకు పోయింది. బుట్ట బయటికి తీసే పని పెద్దవాళ్లు చేస్తే సరిపోతుంది. అందుకే నా సూచన: సెలవుల పార్టీకి పాస్తా ప్యాకెట్ కొనకండి. సన్న బొంబాయి రవ్వను గోరువెచ్చని నీళ్లతో గట్టిగా కలిపి అరగంట నాననిచ్చి, ఉండలూ గవ్వల పీటా పిల్లల ముందు పెట్టండి. వాళ్లు ఒత్తిన గవ్వల్ని మరిగే ఉప్పునీళ్లలో లోపలి దాకా ఉడికించి, ఆరబెట్టి, గుంటూరు కారం, చివర్లో చీజు చల్లి ఎయిర్ ఫ్రయర్‌లో వేయండి. పీట ఇంట్లో లేకపోతే కొత్త దువ్వెన చాలు.