ఇంటి పన్ను దగ్గర మొదలైన పోరు

చీరాల-పేరాల ఉద్యమం అనగానే గాంధీ, దాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆయన వాలంటీర్ల దళం రామదండు గుర్తొస్తారు. కానీ ఆ గొడవ పుట్టింది స్వరాజ్యం దగ్గర కాదు, ఇంటి పన్ను దగ్గర. చీరాల, పేరాల, మరో రెండు పల్లెలు అంతకుముందు ఒకే యూనియన్. ఏడాదికి సుమారు 4,000 రూపాయల పన్నుతో దాని సంసారం గడిచేది. మద్రాసు ప్రభుత్వం దాన్ని మునిసిపాలిటీ చేసేసరికి ఆ పన్ను 40,000 దాకా ఎగబాకింది. జనం చూస్తే దాదాపు 15,000 మంది, అందులో మగ్గాన్ని నమ్ముకున్న ఇళ్లు ఎన్నో. మగ్గం మాత్రం పదింతలు నేయదు కదా!

ఊరు శుభ్రంగా ఉండాలంటే డబ్బు కావద్దా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పన్ను ఎగ్గొట్టే పిసినారితనానికి దేశభక్తి ముసుగు వేశారనీ అనొచ్చు. అయితే పిసినారులు ఇల్లూ వాకిలీ వదిలిపోరు. కౌన్సిలర్లు రాజీనామా చేసినా ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు, జీతగాడైన చైర్మన్‌తో పని నడిపింది. పన్ను కట్టనందుకు జైలుకెళ్లినవారిలో ఒక స్త్రీ కూడా ఉంది. 1921లో అత్యధికులు పొలిమేర దాటి, రామనగరం అని పేరు పెట్టుకున్న చోట పాకలూ పందిళ్లూ వేసుకుని ఎండకూ వానకూ ఓర్చి పదకొండు నెలలున్నారు. అక్కడా తగువులు తీర్చుకోడానికి సొంత పంచాయతీ పెట్టుకున్నారు. పాలనే గిట్టనివాళ్లు ఆ పని చేయరు. వాళ్లకు గిట్టనిది తమనడగకుండా నెత్తిన పెట్టిన పాలన. చివరికి గోపాలకృష్ణయ్య జైల్లో ఉండగా, చేతిలో డబ్బు అయిపోయి, జనం మళ్లీ ఆ మునిసిపాలిటీ ఊళ్లోకే తిరిగొచ్చారు.