ఆధారతలంపై లోహ నానోక్లస్టర్ల నిర్మాణం

కొద్ది పరమాణువుల నుంచి కొన్ని వేల పరమాణువుల దాకా కలిసి ఏర్పడే లోహపు గుంపులను నానోక్లస్టర్లు అంటారు. శూన్యంలో విడిగా ఉన్న క్లస్టర్ ఆకారాన్ని దానిలోని పరమాణువుల మధ్య బంధాలే నిర్ణయిస్తాయి. అదే క్లస్టర్‌ను ఏ ఆక్సైడ్ మీదనో, గ్రాఫైట్ మీదనో నిలిపితే ఆ తలానికి కూడా ఈ నిర్ణయంలో వాటా ఉంటుంది. ఘన ఉత్ప్రేరకాల్లో విలువైన లోహాలను సాధారణంగా ఏదో ఒక ఆధారం మీదే పరుస్తారు. కాబట్టి విడి క్లస్టర్ గురించి తెలిసినదాన్ని వాటికి యథాతథంగా అన్వయించడం కుదరదు.

ఇక్కడ రెండు శక్తులు పోటీ పడతాయి: లోహపు ఉపరితల శక్తి, లోహానికీ తలానికీ మధ్య అంటుకునే శక్తి. మొదటిదే పైచేయి అయితే క్లస్టర్ తామరాకు మీది నీటిబొట్టులా గుండ్రంగా నిలుస్తుంది. రెండోది పెరిగే కొద్దీ చదునవుతుంది. విడి స్ఫటికపు సమతుల్య ఆకారానికి వుల్ఫ్ 1901లో సూత్రం ఇచ్చాడు. ఆధారం మీది స్ఫటికానికి దాన్ని బల్గేరియా శాస్త్రవేత్త కైషెవ్, ఆ తర్వాత 1967లో వింటర్‌బాటమ్ విస్తరించారు. వారి లెక్క ప్రకారం అంటుకునే శక్తికి తగినంత మేర స్ఫటికం కింది భాగం కోసేసినట్టు తగ్గిపోతుంది. అయితే పదుల సంఖ్యలో మాత్రమే పరమాణువులున్న క్లస్టర్‌కు ఉపరితల శక్తి అనే భావనే సరిగా అతకదు. అక్కడ ప్రతి పరమాణువునూ, ప్రతి ఎలక్ట్రాన్‌నూ లెక్కలోకి తీసుకోవలసిందే.

దీనికి అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ మెగ్నీషియం ఆక్సైడ్ మీది బంగారం. ఇరవై పరమాణువుల బంగారు క్లస్టర్ శూన్యంలో చతుర్ముఖి ఆకారంలో ఉంటుందని 2003లో లై-షెంగ్ వాంగ్ బృందం చూపింది. మందమైన మెగ్నీషియం ఆక్సైడ్ మీద ఆ గోపురాకారమే అనుకూలం. కానీ మాలిబ్డినం మీద అతి పలుచగా పెంచిన అదే ఆక్సైడ్ పొరపై బంగారం ఒకే పరమాణువు మందాన పరుచుకోవడమే మేలని లాండ్‌మన్, పాకియోని తదితరులు 2006లో గణించారు. పొర నానోమీటరు లోపు మందంగా ఉన్నప్పుడు అడుగున ఉన్న లోహం నుంచి ఎలక్ట్రాన్లు ఆక్సైడ్‌ను దాటి బంగారాన్ని చేరతాయి. అలా చేరిన రుణావేశాన్ని అడుగు లోహం ఆకర్షిస్తుంది. క్లస్టర్ ఎంత విశాలంగా పరుచుకుంటే ఆ ఆకర్షణ అంత లాభిస్తుంది. మరుసటి ఏడాదే బెర్లిన్‌లోని ఫ్రిట్జ్ హాబర్ సంస్థ పరిశోధకులు వెండిపై పెంచిన ఆక్సైడ్ పొరలతో దీన్ని ప్రయోగంలో నిరూపించారు: మూడు పొరల మందమున్న ఆక్సైడ్‌పై చదును ద్వీపాలు, ఎనిమిది పొరల మందంపై గుట్టలు కనిపించాయి. బంగారం తాకే తలం రెండు చోట్లా ఒకటే. తేడా అంతా దాని కింద ఎంత లోతున లోహం ఉందన్న దానిలోనే ఉంది. ఈ రంగంలో సిద్ధాంతం ముందు నడిచి ప్రయోగానికి దారి చూపిన సందర్భాల్లో ఇది ఎన్నదగినది.

తలంలోని లోపాలు కూడా అంతే ముఖ్యం. ఆక్సైడ్‌లో ఆక్సిజన్ లేచిపోయిన చోట ఎలక్ట్రాన్లు చిక్కుకుని ఉంటాయి. క్లస్టర్ అక్కడ గట్టిగా పాతుకుని కొంత రుణావేశాన్ని పొందుతుంది. ఎనిమిది పరమాణువుల బంగారం లోపాలున్న మెగ్నీషియం ఆక్సైడ్ మీద కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరించిందని, లోపాలు అరుదుగా ఉన్న పొరపై ఆ పని చేయలేదని 1999లో హైజ్, లాండ్‌మన్ బృందాలు తెలిపాయి. గ్రాఫైట్ పట్టు బలహీనం. దాని మీద క్లస్టర్లు జారుతూ పోయి మెట్ల అంచుల దగ్గరో, గుంటల దగ్గరో ఆగుతాయి.

జాలకాల కొలతలు కలవకపోతే వికృతి పుడుతుంది. పెల్లాడియం జాలకం 3.89 ఆంగ్‌స్ట్రామ్‌లు, మెగ్నీషియం ఆక్సైడ్‌ది 4.21. తేడా సుమారు 8 శాతం. చిన్న క్లస్టర్‌లో సరిహద్దు దగ్గరి పరమాణువులు సాగి ఆధారంతో సర్దుకుంటాయి. పెద్దదానిలో స్థానభ్రంశాలు ఏర్పడి ఆ ఒత్తిడి సడలుతుంది.

ఆధారం ఎప్పుడూ కిందే ఉంటుందని కూడా అనుకోనక్కర్లేదు. టైటానియం డయాక్సైడ్ మీది ప్లాటినం వంటి లోహాలను 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర హైడ్రోజన్‌తో క్షయకరిస్తే, అవి హైడ్రోజన్‌నూ కార్బన్ మోనాక్సైడ్‌నూ పట్టుకునే గుణాన్ని దాదాపు కోల్పోతాయని 1978లో టౌస్టర్, ఫంగ్, గార్టెన్ ప్రకటించారు. క్షయకరణ చెందిన టైటానియం ఆక్సైడ్ పలుచని పొరగా లోహం పైకి పాకి కప్పేయడమే దీనికి ప్రధాన కారణమని తర్వాత తేలింది. ఆక్సిజన్‌లో వేడి చేస్తే ఆ గుణం తిరిగి వస్తుంది.

చుట్టూ ఉన్న వాయువు కూడా ఆకారాన్ని మారుస్తుంది. జింక్ ఆక్సైడ్‌పై ఉన్న రాగి కణాలు హైడ్రోజన్‌తో నీటి ఆవిరి కలిసినప్పుడు గుండ్రబడి, కార్బన్ మోనాక్సైడ్ కలిసినప్పుడు చదునవడాన్ని 2002లో డెన్మార్క్ పరిశోధకులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో నేరుగా చూశారు.

ఇటువంటి పరిశీలనలో క్లస్టర్‌ను తలంపై దించే తీరుకూ జాగ్రత్త కావాలి. తాకిడి శక్తి పరమాణువుకు ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ కన్నా బాగా తక్కువ ఉంటేనే అది చితికిపోకుండా దిగుతుంది. దిగాక కూడా సూక్ష్మదర్శిని ఎలక్ట్రాన్ పుంజం దాన్ని కదిలిస్తుంది. కార్బన్ పొరపై నిలిపిన చిన్న బంగారు క్లస్టర్లు ఆ పుంజం కింద ఒక అమరిక నుంచి మరో అమరికకు మారుతూ కనిపిస్తాయి. అందువల్ల ఒక్క చిత్రాన్ని బట్టి నిర్మాణాన్ని తేల్చకుండా, అనేక చిత్రాలను గణించిన నమూనాలతో పోల్చి చూస్తారు.