ముడతకు మార్కులు

చర్మం ఎంత ఎక్కువుంటే ఉన్ని అంత ఎక్కువ. 19వ శతాబ్దం చివర్లో ఆస్ట్రేలియాలో మెరీనో గొర్రెలు పెంచేవాళ్లను ఊరించిన లెక్క ఇది. 1880లలో అమెరికాలోని వెర్మాంట్ నుంచి పొట్టేళ్లు ఓడలెక్కి వచ్చాయి. మెడ నుంచి తోక దాకా మడతలు పడి వేలాడే చర్మం, దాని నిండా జిడ్డు ఉన్ని. న్యూ సౌత్ వేల్స్‌లో పెద్ద మందల యజమాని శామ్యూల్ మెకాగీ వీటిని తెప్పించినవాళ్లలో ముఖ్యుడు.

ఉన్ని కత్తిరించే కూలీలకు ఆ మడతలు నరకం. పైగా తూకంలో కనబడిన బరువులో చాలావరకు కడిగితే పోయే జిడ్డే!

అసలు దెబ్బ ఈగ కొట్టింది. లూసీలియా కుప్రినా అనే ఈ మెరిసే ఈగ ఆస్ట్రేలియాకు బయటి నుంచి వచ్చినదే. తోక కింది మడతల్లో మూత్రం, పలచటి పెంట తడి ఆరదు. ఆ వాసనకు ఈగ వచ్చి గుడ్లు పెడుతుంది. ఒక రోజు తిరిగేలోపే అవి పురుగులై చర్మాన్ని తినడం మొదలుపెడతాయి. కాపరి కంటపడకపోతే కొద్దిరోజుల్లోనే గొర్రె చచ్చిపోతుంది. ఉన్ని లేకుండా పొట్టి వెంట్రుకలతో తిరిగే మన నెల్లూరు గొర్రెకు తోక కింద ఇంత తంటా లేదు.

ఏ గొర్రెకు ముప్పు ఎక్కువో చూసి చెప్పవచ్చని 1930ల మొదట్లోనే తేలింది. న్యూ సౌత్ వేల్స్‌లో సెడన్, బెల్ష్నర్, ముల్‌హర్న్ అనే పరిశోధకులు పిరుదుల మీది ముడతలను బట్టి గొర్రెలను ఎ, బి, సి తరగతులుగా విడదీశారు. నున్నటి వాటికి పురుగు పట్టడం తక్కువ, ముడతలవాటికి బాగా ఎక్కువ. నున్నటి పొట్టేళ్లనే ఏరుకుంటూ పోతే తరాల మీద సమస్య తగ్గేది.

అంత ఓపిక ఎవరికుంది? సరిగ్గా ఆ రోజుల్లోనే దక్షిణ ఆస్ట్రేలియా రైతు జాన్ మ్యూల్స్ తోక కింది ముడత చర్మాన్ని కోసేసే పద్ధతి తెచ్చాడు. గాయం మానాక అక్కడ ఉన్ని మొలవదు, చర్మం బిగుసుకుంటుంది. మ్యూల్సింగ్ అనే ఆ కోతను దశాబ్దాల పాటు మత్తుమందు లేకుండానే చేశారు. పని చేసింది, కాదనలేం. కానీ పొట్టేలును ఏరాల్సిన బాధ్యతను కత్తి తీసేసుకుంది.

జంతు హక్కుల సంఘాలు గొంతెత్తడంతో, 2010కల్లా ఆపేస్తామని ఆస్ట్రేలియా ఉన్ని పరిశ్రమ 2004లో మాటిచ్చింది. 2009లో ఆ గడువును వదిలేసింది. న్యూజిలాండ్ మాత్రం 2018లో నిషేధించింది.

అప్పుడు మళ్లీ మార్కులు గుర్తొచ్చాయి. ఇప్పుడు ముడతలకు, తోక చుట్టూ ఉన్నికి, అంటుకున్న పెంటకు, మూత్రపు మరకకు వేర్వేరుగా 1 నుంచి 5 దాకా వేస్తారు. 1 అంటే మేలు, 5 అంటే ఈగకు విందు. ముడతల గుణం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు బాగానే దిగుతుంది కాబట్టి ఈ అంకెలు చూసి పొట్టేళ్లను కొనేవాళ్లున్నారు. ముడతల మార్కును మాత్రం పిల్లగా ఉండగా, కత్తి పడకముందే వేయాలి. కోత పడ్డాక ముడతల గొర్రె కూడా పైకి నున్నగానే కనబడుతుంది, దాని పిల్లలు మాత్రం ముడతలతోనే పుడతాయి.