పేరు, నేరం, భాష: కృష్ణా డెల్టా ఎరుకలవారి చరిత్ర – రోమాల అనుభవంతో తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: ఐరోపాలో రోమాలపైన, కృష్ణా డెల్టాలో ఎరుకలవారిపైన ఏర్పడిన దురభిప్రాయాలలో పేరు, భాష వహించిన పాత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఎరుకల, కుర్రు భాష, స్టువర్టుపురం, నేరజాతుల చట్టం, రోమా.

1. ఉపోద్ఘాతం

ఈజిప్టు నుంచి వచ్చారన్న పొరపాటు ఊహ నుంచి పుట్టిన పేరు ‘జిప్సీ’. 1971 ఏప్రిల్‌లో లండన్ సమీపాన జరిగిన తొలి ప్రపంచ రోమానీ మహాసభ ఇటువంటి పరాయి పేర్లను తిరస్కరించి, ‘రోమా’ అన్న స్వీయనామాన్ని ముందుకు తెచ్చింది. ఒక జాతిని ఏ పేరుతో పిలవాలన్నది మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయం కాదు; ఆ పేరు వెనుక చట్టం, పోలీసు, జీవనోపాధి ఉంటాయి. తెలుగునాట దీనికి దగ్గరి ఉదాహరణ ఎరుకలవారు.

2. చట్టం చేసిన నేరస్థులు

‘ఎరుక’ అంటే జ్ఞానం, సోది. యక్షగానాలలో ఎరుకలసాని భవిష్యత్తు చెప్పే గౌరవనీయ పాత్ర. ఎరుకలవారు పశువులపై ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్మేవారు, బుట్టలు అల్లేవారు. పందొమ్మిదో శతాబ్దిలో రైలుమార్గాలు, ప్రభుత్వ ఉప్పు విధానం ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయినవారి సంచారమే అనుమానాస్పదమైంది. మల్లాలీ 1892లో మద్రాసు ప్రెసిడెన్సీ నేరవర్గాలపై ప్రచురించిన గ్రంథంలో కొరవలు చేరారు. 1871లో ఉత్తరభారతానికి చేసిన నేరజాతుల చట్టం 1911 నాటి కొత్త చట్టంతో మద్రాసుకూ విస్తరించింది. నేరం రుజువు కాకుండానే పుట్టుకను బట్టి పేరు నమోదు, హాజరు, కదలికలపై ఆంక్షలు వచ్చాయి.

1913లో బాపట్ల సమీపాన సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలసింది. మద్రాసు ప్రభుత్వ సభ్యుడు హెరాల్డ్ స్టువర్టు పేరే దానికి పెట్టారు. విజయవాడకు ఎదురుగా, కృష్ణ దక్షిణపు ఒడ్డున సీతానగరంలోనూ సెటిల్‌మెంటు నడిచింది. స్టువర్టుపురం వాసులు చీరాల పొగాకు కర్మాగారానికి కూలీలయ్యారు. సంస్కరణ పేరిట జరిగిన ఈ ఏర్పాటు చవకైన, కదలలేని శ్రామికులనూ సమకూర్చింది.

3. భాషపై అనుమానం

రోమానీని చాలాకాలం దొంగల సంకేతభాషగా భావించారు. 1782లో ర్యూడిగర్ దానిని హిందుస్తానీతో పోల్చి భారతీయ మూలాన్ని చూపాక ఆ వాదం బలహీనపడింది. ఎరుకలవారి కుర్రు భాష తమిళానికి సన్నిహితమైన ద్రావిడ భాష. ఇతరులకు అర్థం కాదన్న ఒక్క కారణంతో దానినీ రహస్యభాషగా అనుమానించడం అదే పొరపాటు. రోమానీ ఇండో-ఆర్యభాష గనుక రెండింటి మధ్య భాషాబంధుత్వాన్ని ఊహించనక్కరలేదు. పోలిక అనుభవంలో ఉంది, వంశంలో కాదు.

4. రద్దయిన చట్టం, మిగిలిన మాట

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఎరుకలవారు నేడు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. అయినా ‘స్టువర్టుపురం దొంగలు’ అన్న మాట 1991లో సినిమా పేరుగానే నిలిచింది. విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, హేమలత లవణం 1970వ దశకంలో స్టువర్టుపురంలో చేసిన కృషి ఎందరి జీవితాలనో మలుపు తిప్పింది. కాని ‘నేరస్థుల సంస్కరణ’ అన్న మాటను ఊరంతటికీ వర్తింపజేసినప్పుడు, నేరమెరుగని కుటుంబాలపైనా పాత ముద్ర పడుతుంది. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ చిత్రంపై ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో దాఖలైన వ్యాజ్యంలోనూ ఊరి పేరు, జాతి గౌరవమే చర్చనీయాంశాలు.

5. ముగింపు

ఒక వ్యక్తి దొంగతనం ఆ వ్యక్తి చరిత్ర. దానిని జాతి స్వభావంగా రాసింది పాలకుల భాష. చట్టాన్ని ఒక తేదీన రద్దు చేయవచ్చు, మాటకు అటువంటి తేదీ ఉండదు. పోలీసు రికార్డుల పదజాలాన్ని పరిశీలన లేకుండా స్వీకరించే పరిశోధన ఆ నేరజాబితాను కొనసాగించినట్లే. కుర్రు భాషను, ఎరుకలవారి మౌఖిక చరిత్రను వారి మాటల్లోనే నమోదు చేయడం తెలుగు పరిశోధన ముందున్న తక్షణ కర్తవ్యం.